తేదీల తగవు

పిల్లలూ! మీరు బడిలో చేరినప్పుడు అడ్మిషను రిజిస్టరులో మీ పుట్టినతేదీ ఎలా రాశారో ఎప్పుడైనా చూశారా? ముందు అంకెల్లో రాస్తారు. పక్కనో, కిందనో అదే తేదీని మళ్ళీ అక్షరాల్లో రాస్తారు. పదవ తరగతి ధ్రువపత్రంలోనూ అంతే. ఒకే తేదీని రెండుసార్లు రాయడం దేనికి? సిరా దండుగ కాదూ?

కాదు. ఆ రెండో వరుస వెనుక ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. ఆ చిక్కు గురించే, నలుగురూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వాల్లో సంపాదకులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. "ఇంత చిన్న విషయానికి అంత తగవా!" అని మీకు నవ్వు రావచ్చు. కానీ సంగతి తెలిశాక మీరూ ఏదో ఒక పక్షాన నిలబడతారు. పదండి, ముందుగా హైదరాబాదులోని తార్నాకకు వెళ్ళి వద్దాం.

రెండు తేదీలు, ఒక భవనం

తార్నాకలో మెట్రో రైలు దిగి, కూడలి దాటి లోపలికి నడిస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ వస్తుంది. చెట్ల నడుమ రోడ్డు వెంట వెళ్ళగా వెళ్ళగా గులాబీ ఛాయ గ్రానైటు రాతితో కట్టిన పెద్ద భవనం ఎదురవుతుంది. అదే ఆర్ట్స్ కళాశాల. విశ్వవిద్యాలయం ఏర్పడింది 1918లో. ఈ భవనం ఆ తరువాత కొన్నేళ్ళకు వచ్చింది. దీనికి సంబంధించిన రెండు తేదీలు ఇవి:

శంకుస్థాపన: 05/07/1934
ప్రారంభోత్సవం: 04/12/1939

ఈ భవనం గురించి మీరు ఒక వ్యాసం రాస్తున్నారనుకుందాం. మీకు తోడుగా చికాగోలో ఉన్న మీ పిన్నిగారి అమ్మాయి కూడా రాస్తోంది. మీరు పై రెండు తేదీలూ కాగితం మీద రాసి ఆమెకు పంపారు. మీ ఉద్దేశంలో మొదటిది జూలై 5, రెండవది డిసెంబరు 4. అమెరికాలో మాత్రం నెల ముందు, రోజు తరువాత రాస్తారు. అందుకని ఆ అమ్మాయి మొదటిదాన్ని మే 7 అనీ, రెండవదాన్ని ఏప్రిల్ 12 అనీ చదువుకుంది. మీరు రాసింది తప్పు కాదు, ఆమె చదివిందీ తప్పు కాదు. అయినా వ్యాసంలోకి తప్పు వచ్చి చేరింది!

"భవనం కట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?" అని ఇద్దరూ లెక్క కట్టారు.

మీ లెక్క: 1934 జూలై 5 నుంచి 1939 డిసెంబరు 4 వరకు, 1978 రోజులు.
ఆమె లెక్క: 1934 మే 7 నుంచి 1939 ఏప్రిల్ 12 వరకు, 1801 రోజులు.

తేడా 177 రోజులు. రాళ్ళు చెక్కినవారు, మోసినవారు, పేర్చినవారు పడ్డ దాదాపు ఆరు నెలల శ్రమ ఒక గీత పక్కన మాయమైపోయింది!

మోసం చేసే తేదీలు ఎన్ని?

అన్ని తేదీలూ ఇలా తికమక పెట్టవు. మీరు ఇందాక దిగిన మెట్రో రైలునే తీసుకోండి. హైదరాబాదు మెట్రో ప్రారంభమైన తేదీ 28/11/2017. దీన్ని ఎవరు చదివినా ఒకటే. ఎందుకంటే 28వ నెల అనేది ఏ దేశంలోనూ లేదు. రోజు సంఖ్య 12 దాటితే చిక్కు లేదన్నమాట. 12 లోపు ఉంటేనే ప్రమాదం.

అయితే ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని ఉంటాయి? లెక్క వేద్దాం. నెలకు 12 రోజుల చొప్పున 12 నెలలకు 144 రోజులు. వీటిలో 1/1, 2/2, 3/3 ఇలా 12/12 దాకా ఉన్న 12 రోజులను ఎటు నుంచి చదివినా ఒకటే. వాటిని తీసేస్తే మిగిలేవి 132. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజులు రెండు రకాలుగా చదవడానికి వీలున్నవే. సంవత్సరాన్ని కూడా రెండంకెల్లో రాస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. 01/02/03 అని చూడగానే మీకు ఏ రోజు తోచింది? 2003 ఫిబ్రవరి 1 కావచ్చు. 2003 జనవరి 2 కావచ్చు. ఏడాదిని ముందు రాసే దేశంలోనైతే 2001 ఫిబ్రవరి 3 కావచ్చు. అసలు అది 1903 కాదని మాత్రం ఎవరు చెప్పారు?

మీ పుట్టినతేదీని అక్షరాల్లో ఎందుకు రాయిస్తారో ఇప్పుడు తెలిసింది కదూ? "డిసెంబరు" అని అక్షరాల్లో రాశాక దాన్ని ఎవరూ ఏప్రిల్ అని చదవలేరు. అంకెను దిద్దినంత సులువుగా అక్షరాలను దిద్దడమూ కుదరదు.

రచ్చబండ మీద వాదం

అచ్చు పుస్తకాల కాలంలో ఈ తగవు తీర్చడం తేలిక. కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు (1877–1923) "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము" పనికి పూనుకొన్నారు. ఆ తరువాత హైదరాబాదు నుంచి "సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము" సంపుటాలు వెలువడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులైన ఖండవల్లి లక్ష్మీరంజనంగారు దానికి ప్రధాన సంపాదకులు. ఇలాంటి గ్రంథాలకు వ్యాసాలు ఎందరో రాస్తారు. కానీ అచ్చుకు వెళ్ళేముందు అవన్నీ ఒక బల్ల మీదికి వస్తాయి. తేదీ ఎలా ఉండాలో అక్కడ కలం పట్టుకున్నవారు నిర్ణయిస్తారు.

2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియా సంగతి వేరు. అది కంప్యూటరు మీద నడిచే విజ్ఞాన సర్వస్వం. దానిలో ఎవరైనా రాయవచ్చు, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దవచ్చు. ప్రధాన సంపాదకుడు అంటూ ఎవరూ లేరు. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకోవడానికి అక్కడ ఒక చోటు ఉంది. దాని పేరేమిటో తెలుసా? రచ్చబండ! ఊరి మధ్య చెట్టు కింద పెద్దలు కూర్చుని తగవు తీర్చినట్టే, అక్కడా వాదించుకుని ఒక మాట మీదికి రావాలి.

తేదీల విషయంలో ప్రధానంగా మూడు వాదాలు వినవస్తాయి. ఒక్కొక్కటే విందాం. వింటూ మీ ఓటు ఎవరికో ఆలోచించండి.

మొదటి వాదం: "4 డిసెంబరు 1939 అని రాయాలి. బడిలో నేర్చుకున్నది ఇదే. పలక మీద రాసింది ఇదే. బ్యాంకులో, తపాలా కార్యాలయంలో నింపే కాగితాల మీద ఉండేదీ ఇదే. చిన్నది ముందు, పెద్దది తరువాత. రోజు, నెల, ఏడాది. ఇందులో వంక పెట్టడానికి ఏముంది?"

రెండవ వాదం: "డిసెంబరు 4, 1939 అని రాయాలి. మనం మాట్లాడేటప్పుడు డిసెంబరు నాలుగు అంటామే గాని నాలుగు డిసెంబరు అంటామా? పైగా చాలాచోట్ల ఏడాది చెప్పనవసరం ఉండదు. అప్పుడు చివరి ముక్క తీసేస్తే సరిపోతుంది."

మూడవ వాదం: "1939 డిసెంబరు 4 అని రాయాలి. పెద్దది ముందు, చిన్నది తరువాత. మన భాషకు సరిపోయే వరుస ఇదే."

ఈ మూడో వాదం మొదట విన్నప్పుడు కొత్తగా ఉంటుంది. కానీ మీ ఇంట్లో ఉన్న పెళ్ళి శుభలేఖ ఒకటి తీసి చూడండి. ముందు ఫలానా నామ సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత పక్షం, తిథి, వారం, చివరకు ముహూర్తం. పెద్దది ముందు, చిన్నది తరువాత! మన పాత శాసనాల్లోనూ ఇంచుమించు ఇదే వరుస. శకవర్షం ముందు వస్తుంది, నెలా తిథీ తరువాత వస్తాయి. చైనా, జపాను దేశాల్లోనూ ఏడాదితోనే మొదలుపెడతారు.

మరో చిన్న పరీక్ష చేయండి. "ఈ భవనం డిసెంబరు 4, 1939న ప్రారంభమైంది" అన్న వాక్యాన్ని పైకి చదవండి. "న" అనే ప్రత్యయం ఎక్కడ తగులుకుంది? 1939కి! మనం "నాలుగున" అంటాం, "1939లో" అంటాం. "1939న" అని ఎవరైనా అంటారా? "1939 డిసెంబరు 4న" అంటే మాత్రం ఆ "న" తన చోట తాను కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఈ ఇబ్బంది లేదు. అక్కడ విభక్తి పని చేసే మాట తేదీకి ముందే వస్తుంది కనుక వెనుక ఏది ఉన్నా ఫరవాలేదు. ఒక భాషకు కుదిరిన అంగీ మరో భాషకు భుజాల దగ్గర బిగుతుగా ఉండడం అంటే ఇదే.

కంప్యూటరు ఎలా చదువుతుంది?

ఈ వాదంలో కంప్యూటరుకు కూడా ఒక పాత్ర ఉంది. మీ తరగతిలో పేర్లను అకారాది క్రమంలో పెట్టమంటే ఏం చేస్తారు? ముందు మొదటి అక్షరం పోలుస్తారు. అవి ఒకటే అయితే రెండవ అక్షరం చూస్తారు. తేదీని కేవలం అక్షరాల వరుసగా ఇస్తే కంప్యూటరూ అలాగే చేస్తుంది. దానికి భవనమూ తెలియదు, చరిత్రా తెలియదు.

మన రెండు తేదీలనూ దానికి ఇలా ఇద్దాం:

05-07-1934
04-12-1939

మొదటి అంకె రెండింటిలోనూ 0. రెండవ అంకెలు 5, 4. నాలుగు చిన్నది కనుక 04-12-1939ని అది ముందు పెడుతుంది. అంటే శంకుస్థాపన కంటే ముందే ప్రారంభోత్సవం జరిగిపోయిందన్నమాట! ఇప్పుడు వరుస మార్చి ఇద్దాం:

1934-07-05
1939-12-04

మొదటి మూడు అంకెలూ ఒకటే. నాలుగవ చోట 4, 9. నాలుగు ముందు, తొమ్మిది తరువాత. వరుస సరిపోయింది. జూలైని 7 అని కాక 07 అని రాయడం కూడా అవసరమే. సున్నా లేకపోతే జూలైలోని 7ను డిసెంబరు 12లోని 1తో పోల్చి, డిసెంబరును ముందుకు తెస్తుంది.

ఈ లాభం చూసే ప్రపంచ దేశాల ప్రమాణాల సంస్థ 1988లో ఐ.ఎస్.ఓ. 8601 అనే ప్రమాణాన్ని వెలువరించింది. తేదీని అంకెల్లో రాస్తే ఏడాది నాలుగంకెలు, నెల రెండంకెలు, రోజు రెండంకెలు ఆ వరుసలోనే ఉండాలని దాని సారాంశం. శుభలేఖ రాసే మన పురోహితుడి వరుస, ఈ ప్రమాణం చెప్పిన వరుస ఒకటే కావడం తమాషాగా లేదూ?

వరుస ఒక్కటే కాదు, అక్షరక్రమమూ తగవు తెచ్చిపెడుతుంది. నవంబర్, నవంబరు, జులై, జూలై, ఆగస్టు, ఆగష్టు. మనం ఎలా రాసినా అర్థం చేసుకుంటాం. యంత్రానికి మాత్రం ఒక్క అక్షరం మారినా అది వేరే మాట. "ఆగస్టు 15" అని వెతికినవారికి "ఆగష్టు 15" అని రాసిన వ్యాసం దొరకకుండా పోవచ్చు.

యంత్రంతో వైద్యం

"ఇంత గొడవ ఎందుకు? ఎవరికి నచ్చినట్టు వారికి కనబడేలా యంత్రమే తేదీని మార్చి చూపిస్తే పోలేదా?" అని మీకు తోచి ఉంటుంది. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకప్పుడు సరిగ్గా ఈ ఏర్పాటే ఉండేది. తేదీకి రెండు వైపులా గుర్తులు పెడితే, చదివేవారు కోరుకున్న రూపంలో అది కనిపించేది.

కానీ దానిలో ఒక లోపం ఉంది. తన ఇష్టం ఏదో చెప్పుకోవాలంటే ఆ మనిషి అక్కడ పేరు నమోదు చేసుకుని ఉండాలి. వ్యాసాలు రాసేవారిలో చాలామంది అలా నమోదు చేసుకున్నవారే. ఊరికే చదివి వెళ్ళే కోట్లాది మంది అలా కాదు. ఫలితం ఏమయింది? ఒకే వ్యాసంలో రెండు మూడు రకాల తేదీలు ఉన్నా, రాసేవారి కళ్ళకు అన్నీ ఒక్కలాగే కనబడేవి. చదివేవారి కళ్ళకు మాత్రం కలగాపులగంగా ఉండేది. జబ్బు రోగికి ఉంటే అద్దాలు వైద్యుడికి పెట్టినట్టయింది!

చివరకు ఆ ఏర్పాటును వదిలేయాలని కొందరు, ఉంచాలని కొందరు పట్టుబట్టారు. వేలాది వ్యాసాల్లో తేదీలను యంత్రాల సాయంతో మూకుమ్మడిగా మార్చడం, తిరిగి మార్చడం జరిగింది. 2009లో ఆ వివాదం అక్కడి మధ్యవర్తుల సంఘం దాకా వెళ్ళింది.

ఇంగ్లీషులో వారు పాటించే పద్ధతి తెలుసుకోదగ్గది. ప్రపంచానికంతటికీ ఒకే రూపం అని వారు శాసించలేదు. ఒక వ్యాసంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే రూపం ఉండాలి. ఒక దేశానికి గట్టిగా సంబంధించిన వ్యాసంలో ఆ దేశపు వాడుక ఉండాలి. అలాంటి సంబంధం ఏదీ లేకపోతే మొదట రాసినవారి పద్ధతే కొనసాగాలి. కేవలం తనకు నచ్చలేదని ఎవరూ మార్చకూడదు. ఇతరుల రాతల నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాసినచోట వారి తేదీ జోలికి పోకూడదు.

చూశారా! ఎవరి పద్ధతి గెలిచింది అన్నదానికంటే, చదివేవాడు తికమకపడకుండా ఉండడమే ఇక్కడ ముఖ్యం.

అసలు ప్రమాదం ఇప్పుడు వస్తుంది

ఇంతవరకు మనం చూసింది వేషం మార్చే పని. 4 డిసెంబరు అన్నా, డిసెంబరు 4 అన్నా రోజు ఒకటే. కానీ హైదరాబాదు చరిత్ర రాయబోతే ఇంతకంటే పెద్ద గండం ఎదురవుతుంది. పాత కాగితాల్లో తేదీ వేరే పంచాంగంలో ఉంటుంది!

నిజాం పాలనలో ప్రభుత్వ కాగితాల మీద ఫసలీ సంవత్సరం వేసేవారు. "ఫసల్" అంటే పంట. ఈ లెక్క ఎందుకు పుట్టిందో చూడండి. హిజరీ సంవత్సరం చంద్రుడి నడకను బట్టి నడుస్తుంది. అందులో సుమారు 354 రోజులే. రుతువులు సూర్యుణ్ణి బట్టి మారతాయి. కాబట్టి హిజరీ నెలలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ పోతాయి. పంట ఇంటికి వచ్చాక శిస్తు కట్టవలసిన నెల, పదహారు పదిహేడు ఏళ్ళలో ఆరు నెలలు జరిగిపోతుంది. రైతు చేతిలో గింజ లేనప్పుడు శిస్తు గడువు వచ్చి కూర్చుంటే ఎలా? అందుకే మొగలు చక్రవర్తి అక్బరు కాలంలో పంటను అనుసరించే ఫసలీ లెక్క పెట్టారు. షాజహాను కాలంలో అది దక్కనుకు వచ్చింది.

దక్కను ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఫసలీ జనవరిలో మొదలు కాదు. మద్రాసు రాష్ట్రంలో అది జూలై 1న మొదలయ్యేది. హైదరాబాదు రాజ్యంలో అక్టోబరు తొలివారంలో, ఆజర్ అనే నెలతో మొదలయ్యేది. 1940 ఆగస్టులో గుంటూరు కరణం తన లెక్కలో 1350 ఫసలీ అని రాస్తాడు. అదే రోజున వరంగల్లు పట్వారీ 1349 అని రాస్తాడు. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరి లెక్కా సరైనదే!

ఇప్పుడొక నిజమైన ఉదాహరణ. హైదరాబాదు రాజ్యంలో జాగీరులను రద్దుచేసిన నిబంధన పేరులో 1358 ఫసలీ అని ఉంటుంది. తొందరపాటు మనిషి ఒకడు దానికి 590 కలిపి 1948 అని రాశాడనుకుందాం. ఆ నిబంధన ఆగస్టులో వచ్చిందని అతనికి ఇంకెక్కడో తెలిసింది. రెండూ అతికించి "1948 ఆగస్టు" అని వ్యాసంలో పెట్టాడు. ఏం జరుగుతుంది?

భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది 1948 సెప్టెంబరులో. అంటే అతని వ్యాసం ప్రకారం, అంతకు ముందే, నిజాం ప్రభుత్వమే జాగీరులను రద్దుచేసినట్టు అవుతుంది! నిజానికి ఆ నిబంధన వచ్చింది 1949 ఆగస్టులో, నిజాం ప్రభుత్వం పడిపోయిన తరువాత. 1358 ఫసలీ 1948 అక్టోబరులో మొదలై 1949 అక్టోబరు దాకా నడిచింది. కనుక ఆగస్టు నెలకు 590 కాదు, 591 కలపాలి. ఒక్క అంకె తేడాతో, ఒక ప్రభుత్వం చేసిన పని మరో ప్రభుత్వం ఖాతాలో పడేది. తరతరాలుగా జాగీరుల కింద నలిగిన పల్లెల చరిత్రే తలకిందులయ్యేది.

తేదీ రూపం మార్చడానికీ, తేదీని ఒక పంచాంగం నుంచి మరో పంచాంగంలోకి మార్చడానికీ ఉన్న తేడా ఇదే. మొదటిది యంత్రం చేసిపెడుతుంది. రెండవది చేయాలంటే మనిషి పాత కాగితం చూడాలి, అది ఏ ఊరిదో, ఏ నెలదో తెలుసుకోవాలి. అందుకే జాగ్రత్తగల సంపాదకులు మూలంలోని తేదీని చెరిపివేయరు. "1358 ఫసలీ (1949 ఆగస్టు)" అని రెండూ ఉంచుతారు. రేపు మరొకరు వచ్చి లెక్క సరిచూడాలంటే మొదటి అంకె కళ్ళ ముందుండాలి కదా!

ఫసలీ ఏదో పాతకాలపు మాట అనుకోకండి. మన రెవెన్యూ లెక్కల్లో ఆ మాట ఇంకా బతికే ఉంది. 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 వరకు 1434 ఫసలీ. మీ తాతగారి పొలం పహాణీ దొరికితే అందులో వెతకండి.

ఆకాశం లెక్క రాసినవారు

నలుగురూ కలిసి రాసే పుస్తకం కంప్యూటరుతోనే పుట్టిందనుకుంటే పొరపాటే. 1887లో పారిసులో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ హైదరాబాదులోని నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. ఆ వేధశాలే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఇందరు, ఇన్ని చోట్ల, ఇన్నేళ్ళు కలిసి చేసే పనిలో తేదీ తేడా వస్తే ఇంకేమైనా ఉందా? పైగా ఖగోళ శాస్త్రజ్ఞులకు మరో ఇబ్బంది ఉండేది. నక్షత్రాలను చూసేది రాత్రిపూట. అర్ధరాత్రి తేదీ మారితే ఒకే రాత్రి చేసిన పని రెండు తేదీల కింద పడుతుంది. అందుకని వారు తమ రోజును మధ్యాహ్నం 12 గంటలకు మొదలుపెట్టేవారు. లోకమంతా 5వ తేదీ అంటున్న తెల్లవారుజామున వారి పుస్తకంలో ఇంకా 4వ తేదీయే! 1925 జనవరి 1 నుంచి వారు కూడా లోకంతో పాటు అర్ధరాత్రికే మారారు.

అన్ని పంచాంగాలకూ అతీతంగా వారు వాడే లెక్క మరొకటి ఉంది. దాని పేరు జూలియన్ దిన సంఖ్య. క్రీస్తుపూర్వం 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి రోజులను ఒకటొకటిగా లెక్కపెట్టుకుంటూ రావడమే ఈ పద్ధతి. నెలలు లేవు, సంవత్సరాలు లేవు. ఈ లెక్కలో మన ఆర్ట్స్ కళాశాల శంకుస్థాపన రోజు 24,27,624. ప్రారంభోత్సవం రోజు 24,29,602. రెండవదానిలోంచి మొదటిది తీసేయండి. 1978! మొదట మీరు కట్టిన లెక్క సరిగ్గా వచ్చింది.

ఈ సంఖ్యను 7తో భాగిస్తే వారం కూడా తెలుస్తుంది. శేషం 0 అయితే సోమవారం, 1 అయితే మంగళవారం, అలా ఆదివారం దాకా 6. 24,29,602ను 7తో భాగించి చూడండి. శేషం ఏమీ మిగలదు. 1939 డిసెంబరు 4 సోమవారం అన్నమాట. 1939 ఏప్రిల్ 12 బుధవారం. పాత కాగితంలో "సోమవారం, 4/12/1939" అని ఉంటే ఇక తగవే లేదు. వారమే సాక్ష్యం చెబుతుంది. చరిత్రకారులు తేదీ సరిచూసేటప్పుడు వారం కోసం వెతికేది అందుకే.

మీరూ చేసి చూడండి

ఈ నెలలో మీరు చేయదగ్గ పని ఒకటి ఉంది. మీ బడి, ఊరి గ్రంథాలయం, వంతెన, నీళ్ళ ట్యాంకు, వీటిలో దేనికైనా శిలాఫలకం ఉంటుంది. అక్కడికి వెళ్ళి తేదీ ఎలా ఉందో అలాగే, ఒక్క చుక్క కూడా మార్చకుండా మీ నోటుపుస్తకంలో ఎక్కించండి. అది రెండు రకాలుగా చదవడానికి వీలుందా? ఏడాది నాలుగంకెలూ ఉన్నాయా? వారం పేరు రాశారా? తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరీ జాగ్రత్త. ప్రభవ మొదలు అక్షయ వరకు ఆ పేర్లు 60. మళ్ళీ మొదటికి వస్తాయి. ప్రభవ అంటే 1987–88 కావచ్చు, 1927–28 కూడా కావచ్చు. ఊళ్ళోని పెద్దలను అడిగితే ఏదో తేలుతుంది. వారు ఉండగానే అడగాలి.

ఆ తరువాత కింద మీ మాటల్లో, నెల పేరు అక్షరాల్లో, ఏడాది నాలుగంకెల్లో ఆ తేదీని మళ్ళీ రాయండి. పైన మూలం, కింద మీ రాత. రెండూ ఉంచండి.

పుస్తకం మూసేముందు మరొక్క పని. ఈ రోజు తేదీని కూడా పేజీ పైన వేయండి. ఎలా వేస్తారో ఇప్పుడు మీకు నేను చెప్పనక్కరలేదు.